పైన ఓబీ_స్టార్ట్ పెట్టెయ్ బాస్!

పీహెచ్‌పీ లో కుకీ సేవ్ కావట్లేదు అని ఏ ఆఫీసులోనైనా ఒకడు నోరు తెరిచాడనుకోండి. పక్క సీటువాడు తల కూడా తిప్పకుండా ఇచ్చే సలహా ఏంటో నేను కళ్ళు మూసుకుని చెప్పేస్తా. "ఫైలు పైన ఓబీ_స్టార్ట్ పెట్టెయ్ బాస్!" అది పనిచెయ్యకపోతే రెండోది, "ఫంక్షన్ ముందు ఎట్ గుర్తు పెట్టు, వార్నింగ్ పోద్ది." అదీ కాకపోతే "సేమ్‌సైట్ నన్ పెట్టి చూడు." అప్పటికీ లొంగకపోతే కస్టమర్ మీదకి తోసెయ్యడమే. "కుకీలు క్లియర్ చేసి మళ్ళీ ట్రై చెయ్యమను." ఈ నాలుగు మంత్రాలూ నోటికి వస్తే చాలు, మన ఇండస్ట్రీలో సీనియర్ అయిపోయినట్టే.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, ఈ నాలుగిట్లో ఏదో ఒకటి చెప్పేముందు "అసలు హెడర్ చూశావా?" అని అడిగినవాళ్ళని ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. జ్వరం అని వచ్చినవాడికి థర్మామీటర్ కూడా పెట్టకుండా గుప్పెడు మాత్రలు మింగించే ఆరెంపీ డాక్టర్ని చూసి నవ్వుకుంటాం కదా, మనం చేసేది అంతకన్నా గొప్పగా ఏమీ లేదు. ఆయనైనా ఒకసారి చెయ్యి పట్టుకుని చూస్తాడు.

"ఇదేం పెద్ద విషయం, కుకీయే కదా" అంటారేమో. కుకీ అంటే గుడి బయట చెప్పుల స్టాండ్ లో ఇచ్చే టోకెన్ లాంటిది. చెప్పులు వాడి దగ్గర ఉంటాయి, టోకెన్ మన దగ్గర ఉంటుంది. టోకెన్ పోయిందా, మీరెవరో వాడికి తెలీదు. 1994 లో నెట్‌స్కేప్ లో లూ మోంటుల్లీ ఈ కుకీ అనేది తయారు చేసింది కూడా ఇందుకే, అవతలివాడెవడో గుర్తుపెట్టుకోలేని హెచ్‌టీటీపీ కి కాస్త జ్ఞాపకశక్తి ఇవ్వడానికి. ఇవాళ మీ బ్యాంకు లాగిన్, టికెట్ బుకింగ్, పిల్లల ఫీజు, అన్నీ ఆ ఒక్క టోకెన్ మీదే నడుస్తున్నాయి. దాంతో ఆడుకోవడం చిన్న విషయమేమీ కాదు.

సరే, విషయానికొద్దాం. "కుకీ సేవ్ కావట్లేదు" అనేది సమస్య పేరు కాదండీ, అదొక ఫిర్యాదు మాత్రమే. "ఉత్తరం అందలేదు" అన్నట్టు. ఉత్తరం అసలు రాశారా, పోస్టు డబ్బాలో వేశారా, పోస్ట్‌మ్యాన్ తెచ్చాడా, తెచ్చినది ఇంట్లోవాళ్ళు చించేశారా? ఇవన్నీ వేరే వేరే సంగతులు. కుకీకి కూడా అంతే. సర్వర్ నుంచి సెట్-కుకీ అనే హెడర్ అసలు బయటికి వెళ్ళిందా? వెళితే బ్రౌజర్ దాన్ని ఒప్పుకుని దాచుకుందా? దాచుకుంటే తర్వాతి రిక్వెస్ట్ లో వెనక్కి పంపిందా? పంపితే మన కోడ్ దాన్ని సరైన పేరుతో చదివిందా? క్రోమ్ లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిస్తే వీటిలో మొదటి మూడింటికీ జవాబు కళ్ళముందే ఉంటుంది. బ్రౌజర్ కుకీని తిరస్కరిస్తే ఆ లైను పక్కన పసుపుపచ్చ త్రికోణం కూడా పెడుతుంది, మౌస్ దాని మీద పెడితే ఎందుకు తిరస్కరించిందో కారణం చెబుతుంది. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు మిగుల్చుకోవడానికి రెండు రోజులు ఖర్చు పెడుతున్నాం మనం.

ఇక మొదటి మంత్రం సంగతి. పీహెచ్‌పీ లో సెట్‌కుకీ అనే ఫంక్షన్ పేరు చూసి చాలామంది అది బ్రౌజర్ లోకి దూరి కుకీని పెట్టేస్తుందనుకుంటారు. అది చేసేది ఒక్కటే, వెళ్ళబోయే జవాబు మీద ఒక హెడర్ లైను రాయడం. హెడర్ అంటే కవరు మీద రాసే అడ్రసు, పేజీ అంటే లోపలి ఉత్తరం. కవరు డబ్బాలో పడేశాక దాని మీద ఇంకో లైను రాస్తానంటే కుదరదు. అందుకే పేజీలో ఒక్క ఖాళీ అక్షరం బయటికి పోయినా, ఆ తర్వాత సెట్‌కుకీ పిలిస్తే "హెడర్స్ ఆల్రెడీ సెంట్" అని వార్నింగ్ ఇస్తుంది. ఊరికే ఇవ్వదు, అవుట్‌పుట్ ఏ ఫైల్లో ఏ లైన్లో మొదలైందో కూడా అందులోనే చెబుతుంది.

పీహెచ్‌పీ చెత్త భాష అని పార్టీల్లో జోకులేసేవాళ్ళ కోసం ఇక్కడ చిన్న పిట్టకథ. జావా సర్వ్‌లెట్ లో జవాబు ఒకసారి కమిట్ అయిపోయాక కుకీ చేర్చామనుకోండి, అది నిశ్శబ్దంగా ఊరుకుంటుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. నోడ్ లో ఎర్రర్ వస్తుంది, నిజమే, కానీ అది రెండోసారి హెడర్ రాయబోయిన చోటు చూపిస్తుంది తప్ప మొదట ఎవడు పంపేశాడో చెప్పదు. పీహెచ్‌పీ ఒక్కటే దొంగ ఇంటి నంబరుతో సహా ఇస్తోంది. అలాంటి వార్నింగ్ ముందు ఎట్ గుర్తు పెట్టి నోరు మూయించడం ఏం తెలివి చెప్పండి? ఆడలేక మద్దెల ఓడు అనడం మనకు కొత్తేమీ కాదు గానీ, ఇక్కడ మద్దెల చక్కగా మోగుతుంటే దాని మీద దుప్పటి కప్పుతున్నాం.

ప్రొడక్షన్ లో వార్నింగులు యూజర్ కి కనపడకూడదు, ఒప్పుకుంటా. తెర మీద చూపించడం ఆపి లాగ్ ఫైల్లోకి రాయించండి. ఎట్ గుర్తు పెడితే మాత్రం ఆ వార్నింగ్ మామూలుగా తెర మీదకీ రాదు, లాగ్ లోకీ రాదు.

ఇప్పుడు ఓబీ_స్టార్ట్. అది చేసేదేంటంటే అవుట్‌పుట్ ని బయటికి పోనివ్వకుండా ఆపి పట్టుకోవడం. దానికి సరైన వాడకాలు చాలా ఉన్నాయి, టెంప్లేట్ ఇంజన్లు దాని మీదే బతుకుతున్నాయి. నా గొడవ దాన్ని నొప్పి మాత్రలా వాడటం మీద. ఎందుకో ఒక నిజమైన ఉదాహరణ చెబుతా, ఇది ముఖ్యంగా మన తెలుగువాళ్ళని ఏడిపించిన కేసు.

పాత విండోస్ లో నోట్‌ప్యాడ్ తెరిచి పీహెచ్‌పీ ఫైల్లో "స్వాగతం" అని తెలుగులో ఒక ముక్క రాసి మామూలుగా సేవ్ చేస్తే అక్షరాలన్నీ ప్రశ్న గుర్తులైపోయేవి. అందుకని యూటీఎఫ్-8 అని ఎంచుకుని సేవ్ చెయ్యాలి. ఎంచుకుంటే నోట్‌ప్యాడ్ మహానుభావుడు ఫైలు మొదట్లో బామ్ అనే 3 బైట్లు చెప్పకుండా చేర్చేవాడు. కంటికి కనపడవు. పీహెచ్‌పీ కి మాత్రం కనిపిస్తాయి, ఓపెనింగ్ ట్యాగ్ కన్నా ముందు ఏదో ఉంది కాబట్టి దాన్ని అవుట్‌పుట్ అనుకుని పంపించేస్తుంది. అంతే, హెడర్లు వెళ్ళిపోయాయి, కుకీ గోవిందా. ఇంగ్లీషులో సైటు చేసుకున్నవాడికి రాని రోగం తెలుగులో ఒక్క మాట రాసిన పాపానికి మనకి వచ్చేది. 2019 లో వచ్చిన విండోస్ 10 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగా బామ్ లేకుండానే సేవ్ చేస్తోంది. కానీ అంతకుముందు సేవ్ చేసిన ఫైళ్ళు ఇప్పటికీ ఎన్ని సర్వర్లలో బతికున్నాయో! భాషల ఫైళ్ళు, మెసేజీల ఫైళ్ళు... అవి ఎవరూ ముట్టుకోరు కదా.

ఇప్పుడు దీనికి ఓబీ_స్టార్ట్ మందు వేద్దాం. బామ్ మీ మెయిన్ ఫైల్లోనే ఉందనుకోండి, ఓబీ_స్టార్ట్ ని మీరు మొదటి లైన్లో పెట్టినా ఆ 3 బైట్లు దానికన్నా ముందే ఉన్నాయి. అది లేచి కళ్ళు నులుముకునేసరికే బండి స్టేషన్ దాటిపోయింది. అప్పుడు మనవాడు "మొదటి లైన్లోనే పెట్టాను అన్నా, అయినా రావట్లేదు, ఇది బ్రౌజర్ బగ్ అయ్యుంటుంది" అంటాడు. ఒకవేళ బామ్ ఇన్‌క్లూడ్ చేసిన ఫైల్లో ఉంటే, నిజమే, ఓబీ_స్టార్ట్ పెడితే కుకీ సేవ్ అవుతుంది. టికెట్ క్లోజ్. కానీ ఆ 3 బైట్లు ఎక్కడికీ పోలేదు, జవాబులోనే ఉన్నాయి. ఆరు నెలల తర్వాత అదే ఫైలు వాడి ఎవరో ఒక ఏపీఐ రాస్తారు. అవతల ఇంకో పీహెచ్‌పీ సర్వర్ ఆ జేసన్ ని డీకోడ్ చేస్తే నల్ వస్తుంది. లేదా ఎవరో బొమ్మ డౌన్‌లోడ్ పెడతారు, బొమ్మ తెరుచుకోదు. ఆ రోజు దాన్ని వెతికేవాడికి దీనికీ పాత కుకీ గొడవకీ సంబంధం ఉందని ఎలా తెలుస్తుంది? అప్పటికి ఓబీ_స్టార్ట్ పెట్టినవాడు ఇంకో కంపెనీలో ముప్ఫై శాతం హైక్ తో హాయిగా ఉంటాడు :)

"నా మెషీన్ లో పనిచేస్తోంది" అనే జాతీయగీతం వెనక కూడా చాలాసార్లు ఇదే కథ. అవుట్‌పుట్ బఫరింగ్ అనే సెట్టింగు ఒకటుంది. పీహెచ్‌పీ తో పాటు వచ్చే నమూనా ఇని ఫైళ్ళలో దాని విలువ 4096. ఇని ఫైలే లేకపోతే దాని విలువ సున్నా. డాకర్ లో పీహెచ్‌పీ అధికారిక ఇమేజ్ ని అలాగే వాడితే అందులో ఇని ఫైలు ఉండదు, నమూనాలు పక్కన పెట్టి ఉంటాయి, మనమే కాపీ చేసుకోవాలి. కాబట్టి మన ల్యాప్‌టాప్ లో తప్పుగా రాసిన కోడ్ కూడా బఫర్ పుణ్యమా అని నడిచిపోతుంది, కంటైనర్ లోకి వెళ్ళగానే చస్తుంది.

ఇందులో ఇంకా దరిద్రమైన రకం ఒకటుంది. ఆ 4096 బైట్లు నిండగానే బఫర్ ఖాళీ అవుతుంది, అంటే హెడర్లు వెళ్ళిపోతాయి. పేజీ పైభాగం 3 వేల బైట్లు ఉన్నంతకాలం, దాని తర్వాత పిలిచిన సెట్‌కుకీ కూడా బ్రహ్మాండంగా నడుస్తుంది. ఒకరోజు మార్కెటింగ్ వాళ్ళు పైన సంక్రాంతి ఆఫర్ బ్యానర్ పెట్టమంటారు. పెట్టగానే పైభాగం 5 వేల బైట్లయింది. లాగిన్ పోయింది. బ్యానర్ పెడితే లాగిన్ పోవడమేంటని అందరూ డేటాబేస్ మీద పడతారు. పండగ అయ్యాక బ్యానర్ తీసేస్తారు, లాగిన్ దానంతటదే వచ్చేస్తుంది. "సర్వర్ ఇష్యూ, ఆటోమేటిగ్గా రిజాల్వ్ అయింది" అని మెయిల్ వెళుతుంది. వార్నింగ్ ని ఎవరూ నోరు మూయించకపోయి ఉంటే లాగ్ లో ఒక్క లైను అంతా చెప్పేసేది.

కొన్ని మాత్రం హెడర్ ఒక్కసారి చూస్తే సిగ్గుపడి పారిపోయే రకం, వాటి మీద పేజీలు ఖర్చు పెట్టను. గంటసేపు ఉండాలని మూడో పారామీటర్ లో 3600 అని ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. అక్కడ ఇవ్వాల్సింది ఎన్ని సెకన్లు అని కాదు, ఏ క్షణం వరకు అని. 3600 అంటే 1970 జనవరి 1, మన టైములో పొద్దున్న ఆరున్నర. అప్పుడే చచ్చిపోయిన కుకీని బ్రౌజర్ ఎందుకు దాచుకుంటుంది? అడ్మిన్ ఫోల్డర్ లోని లాగిన్ పేజీలో పాత్ ఇవ్వకుండా పెట్టిన కుకీ అడ్మిన్ ఫోల్డర్ వరకే పనిచేస్తుంది, హోమ్ పేజీకి రాదు. పేరులో చుక్క పెడితే బ్రౌజర్ దాన్ని చక్కగా దాచుకుని చుక్కతోనే వెనక్కి పంపుతుంది, పీహెచ్‌పీ మాత్రం $_కుకీ అర్రేలో ఆ చుక్కని అండర్‌స్కోర్ చేసి కూర్చోబెడుతుంది, మనం చుక్క పేరుతో వెతుకుతూ ఉంటాం. "నోటిఫికేషన్లు వద్దు" అనే ఇష్టాన్ని ఫాల్స్ అని దాచబోతే పీహెచ్‌పీ దాన్ని కుకీ తీసెయ్యమన్నట్టు అర్థం చేసుకుంటుంది. సున్నా, ఒకటి వాడమని మాన్యువల్ లోనే రాసుంది. ఎవరు చదివారు గనక!

తెలుగు విలువల్ని కుకీలో దాచేవాళ్ళకి మాత్రం ఇంకో మాట. బ్రౌజర్ ఒక్కో కుకీకి ఇచ్చే చోటు దాదాపు 4096 బైట్లు. సెట్‌కుకీ మన విలువని యూఆర్ఎల్ ఎన్‌కోడ్ చేసి పంపుతుంది. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకి 3 బైట్లు, ఒక్కో బైటు పర్సెంట్ గుర్తుతో కలిపి 3 అక్షరాలు, వెరసి 9. గుణింతాలు, పొల్లులు విడిగా లెక్క. "తెలుగు" అనే మూడక్షరాల మాటలో 6 గుర్తులున్నాయి, కుకీలోకి వెళ్ళేసరికి 54 బైట్లు. అంటే మొత్తం కుకీలో 455 గుర్తులు కూడా గట్టిగా పట్టవు. యూజర్ చూసిన వస్తువుల పేర్లన్నీ తెలుగులో కుకీలోకి కుక్కితే ఇంగ్లీషు సైటులో నడిచేది తెలుగు సైటులో ఆగిపోతుంది. అప్పుడు "తెలుగు సపోర్ట్ లేదు సార్" అని చెప్పి క్లయింట్ చేత తెలుగునే తీయించేసిన పుణ్యాత్ములున్నారు. కుకీలో ఐడీ పెట్టి పేర్లు సర్వర్ లో ఉంచుకుంటే పోయేదానికి భాషని బలిచ్చారు.

ఇక అసలు దెబ్బ తగిలేది సేమ్‌సైట్ దగ్గర. ఇక్కడ మంత్రాలు వేసేవాళ్ళ వల్ల డబ్బులే పోతాయి.

2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80 తో గూగుల్ ఒక మార్పు మొదలుపెట్టింది. సేమ్‌సైట్ సంగతి ఏమీ చెప్పని కుకీలన్నిటినీ లాక్స్ అనుకుంటాను అంది. అంటే ఇంకో సైటు నుంచి మన సైటుకి పోస్ట్ చేస్తూ వచ్చే రిక్వెస్ట్ లో ఆ కుకీ రాదు. కరోనా వల్ల ఏప్రిల్ లో ఆపి, మళ్ళీ జులైలో మొదలుపెట్టింది. మన దేశంలో పేమెంట్ గేట్‌వేలు చాలావరకు డబ్బు కట్టాక యూజర్ ని మన సైటుకి పోస్ట్ తోనే వెనక్కి పంపేవి. ఇప్పుడు ఊహించండి.

ఆ ఏడాది చివర్లో నేను దగ్గర్నుంచి చూసిన కేసు ఒకటుంది. ఒక విద్యాసంస్థ ఫీజుల సైటు, పేరు వద్దు. తండ్రి లాగిన్ అయ్యాడు, ఫీజు కట్టాడు, ఖాతాలో డబ్బు కట్ అయింది, వెనక్కి రాగానే "దయచేసి లాగిన్ అవ్వండి" అని పేజీ. కట్టినట్టు ఎక్కడా లేదు. ఆయన మళ్ళీ కట్టాడు. ఒక్కొక్కళ్ళవి రెండేసి ఫీజులు! హెల్ప్‌డెస్క్ వాళ్ళు ఫోన్లో ఏం చెప్పారో మీకు తెలుసు. "కుకీలు క్లియర్ చేసి, మళ్ళీ లాగిన్ అయ్యి ట్రై చెయ్యండి సార్." ఆశ్చర్యం ఏంటంటే అలా చేస్తే పనిచేసేది! టెస్టింగ్ వాళ్ళు చేసినా పనిచేసేది.

ఎందుకు? ఇలాంటి పేమెంట్లు విరిగిపోతాయనే క్రోమ్ అప్పట్లో ఒక తాత్కాలిక మినహాయింపు పెట్టింది. సేమ్‌సైట్ ఏమీ చెప్పని కుకీ పుట్టి 2 నిమిషాల లోపైతే పోస్ట్ లో కూడా పంపుతాను అని. పీహెచ్‌పీ సెషన్ కుకీ మామూలుగా సెషన్ మొదలైనప్పుడు ఒక్కసారే వెళుతుంది, ప్రతి పేజీకీ కొత్తగా పుట్టదు. టెస్టర్ లాగిన్ అయ్యి, టెస్ట్ కార్డు నొక్కి, నలభై సెకన్లలో వెనక్కి వచ్చేస్తాడు. హెల్ప్‌డెస్క్ చెప్పినట్టు కుకీలు తీసేసి వెంటనే కట్టినవాడూ అంతే. కానీ మామూలు మనిషి? హాల్ టికెట్ నంబరు వెతుక్కుని, టర్మ్ ఫీజో బస్సు ఫీజో చూసుకుని, కార్డు కోసం బీరువా తీసి, ఓటీపీ వేరే ఫోన్ కి వస్తే కొడుకుని పిలిచి... 2 నిమిషాలు ఎప్పుడో దాటిపోతాయి. నిదానంగా, జాగ్రత్తగా కట్టినవాడే మునిగాడు. కుకీలు క్లియర్ చెయ్యమని చెప్పిన ప్రతిసారీ మనకున్న ఒకే ఒక్క ఆధారాన్ని కస్టమర్ చేతే చెరిపించాం. పైగా పనిచేసింది కదా అని టికెట్ మూసేశాం.

చివరికి క్రోమ్ గొడవని కొందరు గుర్తుపట్టారు. అప్పుడు మూడో మంత్రం వచ్చింది, సెషన్ కుకీకి సేమ్‌సైట్ నన్ పెట్టెయ్ అని. పెట్టారు. నన్ పెడితే సెక్యూర్ కూడా ఉండాలి, లేకపోతే బ్రౌజర్ ఆ కుకీని పారేస్తుందని తెలీక ఒకరోజు పోయింది. పీహెచ్‌పీ 7.3 కి ముందు సేమ్‌సైట్ ఇవ్వడానికి సెట్‌కుకీ లో చోటే లేదు కాబట్టి, పాత సర్వర్లలో పాత్ పారామీటర్ లోపల సెమీకోలన్ పెట్టి దూర్చే దొంగదారి వెతకడానికి ఇంకో రోజు. మొత్తానికి పనిచేసింది, చప్పట్లు.

గోటితో పోయేదానికి గొడ్డలి. ఆ ఒక్క పేజీ కోసం సైటు మొత్తానికి ఉన్న తలుపు తీసేశారు. లాక్స్ అనేది బ్రౌజర్ మనకి ఉచితంగా పెట్టిన కాపలా. వేరే సైటు ఏదో ఒక దాచిన ఫారంతో మన యూజర్ తరఫున మన సైటుకి పోస్ట్ చేస్తే, కుకీ వెళ్ళదు కాబట్టి ఆ దాడి ఆగుతుంది. నన్ పెట్టాక ఆ కాపలా లేదు. ప్రతి ఫారంలోనూ సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ ఉంటే ఫర్వాలేదనుకోండి. ఓబీ_స్టార్ట్ తో నడిచే కోడ్ లో అవి ఉంటాయని మీకు నమ్మకం ఉందా? నాకు లేదు.

నిజానికి ఏం చెయ్యాలో హెడర్లు చూసినవాడికి తేలిగ్గానే తట్టేది. గేట్‌వే నుంచి పోస్ట్ వచ్చే పేజీలో యూజర్ ఎవరో కుకీని అడగాల్సిన పనేంటి? ఆర్డర్ నంబరు ఆ పోస్ట్ లోనే ఉంది, గేట్‌వే సంతకం కూడా ఉంది. సంతకం సరిచూసి, ఆర్డర్ కట్టినట్టు రాసుకుని, అక్కణ్ణుంచి మన సొంత రసీదు పేజీకి రీడైరెక్ట్ చెయ్యడం. ఆ రీడైరెక్ట్ మామూలు గెట్ కాబట్టి లాక్స్ కుకీ నిక్షేపంగా వస్తుంది. ఒక్కటే జాగ్రత్త, ఆ పోస్ట్ పేజీలో సెషన్_స్టార్ట్ పిలవకూడదు. పిలిస్తే పాత కుకీ రాలేదు కాబట్టి పీహెచ్‌పీ కొత్త సెషన్ పుట్టించి కొత్త కుకీ పంపుతుంది, అది పాతదాన్ని తొక్కేస్తుంది. ఫీజు కట్టిన తండ్రి నిజంగా లాగవుట్ అయిపోయింది అక్కడే. బ్రౌజర్ మూసేసినవాళ్ళ కోసం గేట్‌వే సర్వర్ నేరుగా మన సర్వర్ కి పంపే సమాచారం ఎలాగూ వినాలి. మొత్తం కలిపి ఓ ముప్ఫై లైన్లు, కాపలా పోదు, రెండోసారి డబ్బు కట్టడమూ ఉండదు.

"అంత టైం ఎక్కడుంది బాస్, క్లయింట్ అరుస్తున్నాడు" అంటారు లీడ్లు. ఈ మాట నాకు అస్సలు ఎక్కదు. నాలుగు మంత్రాలూ వరసగా వేసి, ప్రతిదానికీ డిప్లాయ్ చేసి, ప్రతిసారీ కస్టమర్ చేత మళ్ళీ చేయించి చూసేదానికి టైం ఉంది, నెట్‌వర్క్ ట్యాబ్ తెరవడానికి లేదా? అసలు సంగతి వేరే ఉంది. మంత్రం వేస్తే "ఏదో చేశాం" అని స్టేటస్ కాల్ లో చెప్పుకోవచ్చు. "చూస్తున్నాను, ఇంకా ఏమీ మార్చలేదు" అంటే పని చెయ్యనట్టు లెక్క మన దగ్గర. కొత్తగా చేరినవాడు ఏం చేస్తాడు పాపం, వాడూ మంత్రాలే నేర్చుకుంటాడు. రెండేళ్ళలో వాడే ఇంకొకడికి చెబుతాడు.

ఇప్పుడు దీనికి ఏఐ తోడయింది. "పీహెచ్‌పీ లో కుకీ సేవ్ కావట్లేదు" అని అడిగితే పది కారణాలు నంబర్లేసి అందంగా ఇస్తుంది. పదీ నిజమే. కానీ మీది ఏదో అది ఎలా చెబుతుంది, మీరు హెడర్ ఇవ్వకుండా? కాబట్టి పదీ కోడ్ లో పెట్టేస్తున్నారు. ఓబీ_స్టార్ట్ తో పాటు, డొమైన్ మార్చి, పాత్ మార్చి, నన్ పెట్టి, సెక్యూర్ తీసి... ఏది పనిచేసిందో కూడా తెలీదు. ఇంతకుముందు ఒక్కో మంత్రానికి పక్క సీటువాణ్ణి అడగాల్సి వచ్చేది, కనీసం టీ ఖర్చైనా అయ్యేది.

అందుకే మా టీం లో ఒక చిన్న పద్ధతి పెట్టించుకున్నాం. కుకీ మీద టికెట్ వస్తే అందులో రెండు లైన్లు ఉండాలి. లాగిన్ జవాబులోని సెట్-కుకీ లైను, ఆ తర్వాతి రిక్వెస్ట్ లోని కుకీ లైను. మొదటిది లేకపోతే తప్పు సర్వర్ వైపు, లాగ్ చూడాలి. మొదటిది ఉండి రెండోది లేకపోతే బ్రౌజర్ ఒప్పుకోలేదు లేదా పంపలేదు, పాత్, డొమైన్, గడువు, సెక్యూర్, సేమ్‌సైట్ అన్నీ ఆ లైన్లోనే రాసుంటాయి, చదువుకోవడమే. రెండూ ఉంటే అది కుకీ సమస్యే కాదు, సెషన్ ఫైళ్ళ ఫోల్డర్ లో రాయడానికి అనుమతి ఉందో లేదో, డిస్కు నిండిందేమో, పేరులో చుక్క ఉందేమో చూడాలి.

ఆ లైన్లు టికెట్ లో అతికించేటప్పుడు కుకీ విలువ మాత్రం చెరిపేసి పెట్టండి. సెషన్ ఐడీ అంటే తాళంచెవే, అది వాట్సాప్ గ్రూపులోనో ఏఐ చాట్ లోనో పడితే ఎవరైనా ఆ యూజర్ లా లోపలికి రావచ్చు. 2023 అక్టోబర్ లో ఆక్టా సపోర్ట్ సిస్టం లోకి దూరినవాళ్ళు చేసింది ఇదే. కస్టమర్లు సమస్య చూపించడానికి అప్‌లోడ్ చేసిన హార్ ఫైళ్ళలోంచి సెషన్ టోకెన్లు తీసుకుని వాళ్ళ ఖాతాల్లోకి వెళ్ళారు. క్రోమ్ ఇప్పుడు హార్ ఫైలు ఎగుమతి చేసేటప్పుడు కుకీలని మామూలుగా తీసేసే ఇస్తోంది, కానీ మీరు చేత్తో కాపీ చేసిన లైనుని తీసెయ్యడానికి అక్కడ ఎవరూ ఉండరు.